యంత్రమునకును విశ్రాంతి

యంత్రము మానవుని చేతికి బలము నిచ్చినది; కాలికి వేగము నిచ్చినది; కంఠమునకు దూరము నిచ్చినది. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు చెప్పుకొనెడివారు. రైలు వచ్చిన పిమ్మట ఆ సామెతకు అర్థము మారిపోయినది. దూరదేశమున నున్న కుమారుని క్షేమ సమాచారమునకై తల్లి నెలల తరబడి ఎదురుచూచిన దినములు గతించినవి. నేడు సముద్రముల కావల నున్న బంధువు పిలిచిన క్షణముననే మన అరచేతిలో ప్రత్యక్షమగుచున్నాడు. ఇది సామాన్యమైన మేలు కాదు. దీనిని నిందించుట కృతఘ్నత యగును.

ఐనను ఈ మేలుతోపాటు ఒక చిక్కు కూడ వచ్చినది. యంత్రము మన పిలుపునకు పలుకుటయే కాక, మనలను పిలుచుట కూడ నేర్చినది. చదువుచుండగా ఒక పిలుపు. భుజించుచుండగా ఒక పిలుపు. నిద్రకు ఉపక్రమించుచుండగా మరియొక పిలుపు. పిలిచినపుడెల్ల పలుకుటకు అలవాటుపడిన మనస్సు తనలోనికి తాను చూచుకొనుట మరచుచున్నది. ఏకాంతముగా కూర్చుండి ఒక విషయమును మొదటినుండి చివరివరకు ఆలోచించుట కష్టమైన పనిగా తోచుచున్నది. యంత్రమును విడువకయే మనశ్శాంతిని నిలుపుకొనుట యెట్లు?

ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. రైలు, తంతి, ముద్రణయంత్రము, రేడియో లోకమును మార్చివేయుచున్న దినములలో ఒక మహాపురుషుడు ఈ ప్రశ్నను గ్రంథములలో చర్చించుటయే కాక తన జీవితమునందే పరీక్షించి చూచెను. ఆయనయే మహాత్మా గాంధీ.

గాంధీజీ యంత్రములన్నింటికిని శత్రువని పలువురు తలంతురు. అట్లు తలచుటకు కారణము లేకపోలేదు. 1909వ సంవత్సరమున వారు లండను నుండి దక్షిణాఫ్రికాకు 'కిల్డోనన్ కాసిల్' అను ఓడలో తిరిగి వచ్చుచు 'హింద్ స్వరాజ్' అను చిన్న గ్రంథమును గుజరాతీ భాషలో వ్రాసిరి. కుడిచేయి అలసినపుడు ఎడమచేతితో వ్రాయుచు పది దినములలో దానిని ముగించిరి. అందు రైళ్లను, మిల్లులను, పాశ్చాత్య నాగరికత యందలి తొందరను కఠినముగా ఖండించిరి. వేగము పెరిగినంత మాత్రమున మనుష్యుడు మంచివాడు కాజాలడనునది అందలి ముఖ్య వాదములలో నొకటి.

కాని వారి జీవితమును చూచినచో మరియొక చిత్రము కనబడును. దేశమంతటను వారు తిరిగినది రైలులో. తరచుగా మూడవ తరగతి పెట్టెలో. వారి మాటలను లోకమునకు చేర్చినవి ముద్రణయంత్రములు, తంతితీగెలు. వారి నడుమున వ్రేలాడుచుండిన గడియారము నిత్యజీవితమును నిమిషముల లెక్కన నడిపించెను. వార్ధా సమీపమునందలి సేవాగ్రామ ఆశ్రమమున టెలిఫోను కూడ ఉండెను. మాట యొకటి, చేత యొకటియా యని విమర్శకులు ప్రశ్నించిరి. వారి జీవితమున జరిగిన కొన్ని సంఘటనలను వరుసగా పరిశీలించినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

1904వ సంవత్సరమున గాంధీజీ దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా నుండిరి. అచటి భారతీయుల కష్టములను లోకమునకు తెలుపుటకై 'ఇండియన్ ఒపీనియన్' అను వారపత్రిక డర్బను నగరమునుండి వెలువడుచుండెను. ఆ పత్రిక పనిమీద వారొకనాడు జొహానెస్‌బర్గులో రైలెక్కిరి. స్టేషనుకు వచ్చిన పోలక్ అను మిత్రుడు, ఆంగ్ల రచయిత రస్కిన్ వ్రాసిన 'అన్‌టు దిస్ లాస్ట్' అను పుస్తకమును వారి చేతికిచ్చెను. డర్బనుకు ఇరువదినాలుగు గంటల ప్రయాణము. చదువ మొదలిడిన పిదప వారు ఆ పుస్తకమును క్రింద పెట్టలేకపోయిరి. ఆ రాత్రి వారికి నిద్ర పట్టలేదు. అందలి ఆదర్శములకు అనుగుణముగా తమ జీవితమును మార్చుకొనవలెనని నిశ్చయించుకొనిరి.

ఇచట ఒక విశేషమును గమనింపుడు. వేగముకొరకు పుట్టిన రైలే వారికి ఒక దినమంతయు ఏకాంతమును ప్రసాదించెను. యంత్రమునకును ఏకాంతమునకును పుట్టుకతో వైరము లేదు. ఆ దీర్ఘప్రయాణమున చేతిలో నొక పుస్తకమును, దానిని తుదివరకు చదువు ఓపికయు ఉండుటచేతనే ఒక జీవితము మలుపు తిరిగినది.

ఆ నిశ్చయము వెంటనే కార్యరూపము దాల్చెను. డర్బనుకు పదునాలుగు మైళ్ల దూరమున ఫీనిక్స్ అను చోట నూరు ఎకరముల నేల కొనబడెను. పత్రికను, ముద్రణాలయమును అచటికి తరలించిరి. అందరును నేలను సాగుచేసికొనుచు, శరీరశ్రమతో జీవించుచు, తక్కిన సమయమున పత్రిక పని చూడవలెనని ఏర్పాటు. ముద్రణయంత్రమును నడపుటకు చమురుతో పనిచేయు ఇంజను నొకదానిని తెచ్చిరి. వ్యవసాయము చేతులతో సాగుచోట ముద్రణము కూడ చేతులతోనే సాగిన బాగుండునని గాంధీజీ తలంచిరి. కాని అది అపుడు సాధ్యముగా తోచలేదు. ఇంజను ఆగిపోయినచో అక్కరకు వచ్చునట్లు, చేతితో త్రిప్పెడి చక్రము నొకదానిని మాత్రము ముందుగానే సిద్ధము చేయించిరి.

ఫీనిక్సునుండి మొదటి సంచికను వెలువరింపవలసిన రాత్రి వచ్చెను. ఇంజను కదలలేదు. దానిని చూచుటకు వచ్చిన ఇంజనీరును, ముద్రణాలయపు బాధ్యతను వహించిన ఆల్బర్టు వెస్టును ఎంత శ్రమించినను ప్రయోజనము లేకపోయెను. వెస్టు కన్నుల నీరు నించుకొని గాంధీజీ యొద్దకు వచ్చి, పత్రిక సకాలమున వెలువడుట అసాధ్యమని చెప్పెను. కన్నీటివలన ఫలము లేదని గాంధీజీ అతనికి ధైర్యము చెప్పి, చేతిచక్రము మాట యేమని అడిగిరి. దానిని త్రిప్పుటకు ఒక్కొక్క వంతునకు నలుగురు మనుష్యులు కావలెను; ముద్రణాలయములోని వారందరును అలసియుండిరి.

ఆ భవన నిర్మాణము ఇంకను పూర్తి కాలేదు. కావున వడ్రంగులు ఆ ముద్రణాలయపు నేలమీదనే నిద్రించుచుండిరి. గాంధీజీ వారిని లేపి సాయము కోరిరి. వారు సంతోషముతో లేచి వచ్చిరి. వెస్టు భక్తిగీతము పాడుచుండ, అందరును వంతులు వేసికొని చక్రమును త్రిప్పిరి. గాంధీజీ కూడ వడ్రంగులతో కలిసి త్రిప్పిరి. ఉదయము ఏడు గంటలైనను పని ఇంకను మిగిలియుండెను.

అపుడు ఇంజనీరును లేపి మరల నొకమారు ప్రయత్నింపుమని కోరిరి. ఆశ్చర్యము! అతడు ఇంజనును తాకిన వెంటనే అది చక్కగా నడువసాగెను. ముద్రణాలయము ఆనందధ్వనులతో నిండిపోయెను. రాత్రియంతయు మొరాయించిన యంత్రము ఉదయమున ఎట్లు నడచినదని గాంధీజీ అడిగిరి. మనవలెనే యంత్రములకును ఒక్కొక్కపుడు విశ్రాంతి కావలసివచ్చునేమో యని సమాధానము వచ్చెను. పత్రిక సకాలమున పాఠకులకు చేరెను.

వినోదముగా పలికిన ఆ మాటను గాంధీజీ మరువలేదు. చాల ఏండ్లు గడచిన పిదప ఆత్మకథలో దానిని పొందుపరచిరి. తరువాత కొంతకాలమునకు ఫీనిక్సులో ఇంజనును బుద్ధిపూర్వకముగా మాని, చేతిబలముతోనే పత్రికను అచ్చువేసిరి. ఫీనిక్సు నివాసుల నైతిక జీవనము అత్యున్నతముగా నుండిన దినములు అవియేయని వారి అభిప్రాయము. ఇట్లని వారు ముద్రణమును మానలేదు, పత్రికను మూసివేయలేదు. యంత్రము ఎచట నడువవలెనో, ఎచట ఆగవలెనో నిర్ణయించు అధికారమును మాత్రము తమ చేతిలో ఉంచుకొనిరి.

యంత్రమునకు విశ్రాంతి నిచ్చిన ఆ మహాత్ముడు తన నాలుకకును విశ్రాంతి నిచ్చెను. గాంధీజీ యౌవనమున మిక్కిలి బిడియస్థులు. లండనులో విద్యార్థిగా నుండినపుడు చిన్న సభలో నాలుగు మాటలు చెప్పుటకైనను వారికి నోరు పెగలెడిది కాదు. మొదట లోపముగా తోచిన ఆ బిడియమే తనకు మాటల యందు పొదుపును నేర్పినదని వారు తరువాత గ్రహించిరి. ఆలోచించి పలుకువాడు తక్కువగా పలుకును. తక్కువగా పలుకువాని మాటకు బరువుండును.

ప్రజానాయకులైన పిదప వారికి తీరిక యనునది లేకపోయెను. వేసవిలో ఉడుకెత్తిన రైలుపెట్టెలలో ప్రయాణములు, ప్రతి స్టేషనునందును జనసమూహములు, సభలు, ఉపన్యాసములు, కుప్పలుగా వచ్చిపడు ఉత్తరములు. శరీరమునకు కొంత విశ్రాంతి చిక్కునని, ఉత్తరములకు జవాబులు వ్రాయుటకు వీలగునని వారు వారమున కొక దినము మౌనమును పాటింప మొదలిడిరి. ఆ దినము సోమవారము. విశ్రాంతికొరకు ప్రారంభమైన ఆ నియమము క్రమముగా ఆధ్యాత్మిక సాధనముగా మారినది. సోమవారమున వచ్చిన వారి మాటలను వారు శ్రద్ధగా వినెడివారు. జవాబు చెప్పవలసినచో కాగితముమీద రెండు ముక్కలు వ్రాసి యిచ్చెడివారు.

మౌనమనగా సోమరితనమని ఎవ్వరును తలంపరాదు. గాంధీజీ రచనలు, ఉపన్యాసములు, లేఖలు ఆంగ్లమున నూరు సంపుటములుగా ప్రకటింపబడినవి. అంత వ్రాయుటకు వారికి కాలమెట్లు చిక్కెనని మనము ఆశ్చర్యపడుదుము. మాటలాడని గంటలే వారికి ఆ కాలమును సమకూర్చినవి. 1930వ సంవత్సరమున యెరవాడ కారాగారమున నుండినపుడు వారు ఆ చెరసాలను దేవాలయముగా భావించి దానిని 'యెరవాడ మందిర'మని పిలిచిరి. ప్రతి మంగళవారమును సత్యము, అహింస మున్నగు వ్రతములను గూర్చి ఆశ్రమవాసులకు ఒక్కొక్క లేఖ వ్రాసిరి. ఆ లేఖలే పిమ్మట 'మంగళ ప్రభాతము' అను గ్రంథమైనవి.

నియమమును ఇంటియొద్ద పాటించుట తేలిక; లోకమంతయు చూచుచున్న వేళ పాటించుట కష్టము. 1931వ సంవత్సరమున గాంధీజీ రౌండుటేబులు సమావేశమునకై లండను వెళ్లిరి. పెద్ద హోటలులో బస చేయక, నగరమునకు తూర్పున పేదలు నివసించు చోటనున్న కింగ్‌స్లీ హాలులో దిగిరి. సెప్టెంబరు 13వ తేదీ ఆదివారమునాడు అచటినుండియే రేడియో ద్వారా అమెరికా ప్రజల నుద్దేశించి మాటలాడిరి. మహాసముద్రమును దాటి వారి కంఠస్వరము మరియొక ఖండమున వినబడెను. మరునాడు సోమవారము, సమావేశమున వారు కూర్చుండవలసిన దినము. వారు వెళ్లి కూర్చుండిరి. కాని మౌనముగా నుండిరి. మంగళవారమునాడు తమ ఉపన్యాసము చేసిరి. ఒకనాడు ఖండాంతరములకు వినిపించిన కంఠము, మరునాడు ప్రక్క కుర్చీలోని వానికైనను వినబడలేదు. రేడియోయును మౌనమును ఒకే మనుష్యుని జీవితమున ఒకదాని ప్రక్క నొకటి ఇమిడిపోయినవి.

అంతకంటె కఠినమైన పరీక్ష 1947వ సంవత్సరము జూను 2వ తేదీన వచ్చెను. ఆనాడు వైస్రాయి మౌంట్‌బాటను భారతదేశ విభజన ప్రణాళికను కాంగ్రెసు, ముస్లింలీగు, సిక్కు నాయకుల ముందుంచెను. విభజన గాంధీజీకి ఎంతమాత్రమును ఇష్టము లేదు. వారేమి చెప్పుదురోయని వైస్రాయి ఆందోళనతో నుండెను. గాంధీజీ వచ్చిరి. ఆనాడు సోమవారము. వారు పెదవులపై వ్రేలుంచి తమ మౌనమును సూచించి, వాడిన కవరుల వెనుకభాగమున తాము చెప్పదలచిన మాటలను వ్రాసియిచ్చిరి.

ఆ కాగితపు ముక్కలలో ఒక విషయము మనకు ఆలోచింపదగినది. మౌనవ్రతమును స్వీకరించునపుడే తాను రెండు మినహాయింపులను ఏర్పరచుకొంటినని వారు తెలిపిరి. అత్యవసర విషయమై ఉన్నతాధికారితో మాటలాడుట మొదటిది; రోగులకు పరిచర్య చేయుట రెండవది. అనగా వారి నియమము మొండిపట్టు కాదు. ఎపుడు సడలింపవచ్చునో ముందుగానే ఆలోచించి ఏర్పరచుకొన్న నియమము. ఆనాడు మాటలాడుటకు ఆ నియమమే వారికి అవకాశ మిచ్చినను వారు దానిని వినియోగించుకొనలేదు. మాటలాడవలసిన విషయములు ఒకటి రెండు కలవనియు, అవి ఆనాటికి కావనియు వ్రాసిరి. వారు ఆనాడు నోరు విప్పవలసియుండెనని తలచువారును ఉందురు. ఐనను దుఃఖము పొంగివచ్చిన వేళ మాటను ఆపుకొనగల శక్తి ఒక్కనాటిలో రాదు. ఎన్నియో సోమవారముల అభ్యాసము దాని వెనుక నున్నది.

ఆ సంవత్సరముననే మరియొక దృశ్యము. దేశవిభజన వలన నిరాశ్రయులైన వారు రెండు లక్షలకు పైగా కురుక్షేత్రములోని శిబిరమున తలదాచుకొనియుండిరి. గాంధీజీ స్వయముగా అచటికి వెళ్లవలెనని తలంచిరి, వీలుపడలేదు. 1947 నవంబరు 12వ తేదీన, దీపావళినాడు, ఢిల్లీలోని ఆకాశవాణి కేంద్రమునకు వెళ్లి, రేడియో ద్వారా ఆ శరణార్థులతో మాటలాడి ఓదార్చిరి. వారు ఆకాశవాణి కేంద్రమునకు వెళ్లినది ఆ ఒక్కసారియే. ఆ యంత్రమునందు వారికి దైవశక్తి గోచరించినది. తాము నడచి చేరలేని దుఃఖితుల యొద్దకు తమ మాటను చేర్చిన యంత్రమును వారు గౌరవించిరి. ఆ దినమును నేడు ప్రజాసేవా ప్రసార దినముగా జరుపుకొనుచున్నారు.

ఇప్పుడు గాంధీజీ వైఖరి మనకు స్పష్టమగుచున్నది. తనకు యంత్రములపై ద్వేషము లేదనియు, యంత్రవ్యామోహమునే తాను ఎదిరించుచున్నాననియు వారు 1924వ సంవత్సరమున ఒక విద్యార్థికి వివరించిరి. కుట్టుయంత్రము వారికి ప్రీతిపాత్రము. అది ఇంటిలోని స్త్రీ శ్రమను తగ్గించును, ఆమె పనిని హరింపదు. రాట్నము కూడ ఒక యంత్రమే. దానిని బాగుచేయుటను వారెన్నడును నిరాకరింపలేదు. 1929వ సంవత్సరమున అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నమును కనిపెట్టినవారికి లక్ష రూపాయల బహుమానమును ప్రకటించెను. అది చేతితోగాని కాలితోగాని నడువవలెను. వెల నూటయేబది రూపాయలకు మించరాదు. గ్రామములోని స్త్రీ దానిని అధికశ్రమ లేకుండ నడుపగలుగవలెను. యంత్రము మనుష్యుని కొలతకు తగియుండవలెను గాని మనుష్యుడు యంత్రపు కొలతకు కుదించుకొనిపోరాదు. ఇదియే ఆ నిబంధనల సారము.

మెల్లగా సాగు పనికి గల విలువను తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు సన్నని ఖద్దరుకు ప్రసిద్ధి గాంచినది. ఆ సన్నదనము గాంధీజీని కూడ ఆకర్షించినది. అచటి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రపరతురు. ఆ పిదప ఏకి, ఏకులు చేసి, రాట్నముపై సన్నని నూలు వడుకుదురు. ఆ పనిలో తొందరపడినచో పోగు తెగిపోవును. ఆలోచన కూడ అట్టి పోగే. నిదానముగా వడికినపుడే అది తెగక సాగును.

ఐతే ఈ విషయమున మహనీయులందరును ఏకాభిప్రాయులు కారు. 1925వ సంవత్సరమున విశ్వకవి రవీంద్రనాథ టాగోరు రాట్నమును గూర్చి ఒక వ్యాసము వ్రాసి, అందరును ఒకే పనిని యాంత్రికముగా చేయుచుండినచో మనస్సు మొద్దుబారునని విమర్శించిరి. విజ్ఞానశాస్త్రము తగ్గించగల శ్రమను మనుష్యుడు వృథాగా మోయరాదని వారి మతము. గాంధీజీ దానికి మర్యాదతో సమాధానము వ్రాసిరి. వారి మైత్రికి భంగము రాలేదు. ఏకాంతము విషయమున మాత్రము వారిరువురును ఒక్కటే. టాగోరు యౌవనమున పద్మానదిపై పడవయింటిలో దినముల తరబడి నివసించి రచనలు సాగించిరి. ఒకరికి రాట్నపు చప్పుడు, మరియొకరికి నదీప్రవాహము. ఇరువురికిని కావలసినది తమతో తాము ఉండు కొంత కాలము.

ఇక మన కాలమునకు వత్తము. 2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి వ్యాపించి పాఠశాలలు మూతపడినపుడు, ఎందరో బాలబాలికలకు ఫోనే తరగతి గదియైనది. అది లేని పేదపిల్లలు పాఠములకు దూరమైరి. కావున ఫోనును పనికిమాలినదని త్రోసివేయుట న్యాయము కాదు. నిఘంటువు, పటము, గ్రంథాలయము అన్నియు నేడు దానియందే యున్నవి.

కాని ఫీనిక్సులోని ఇంజనుకును నేటి ఫోనుకును ఒక గొప్ప భేదము కలదు. ఆనాటి ఇంజను తానే ఆగి మనుష్యులకు బుద్ధి చెప్పెను. నేటి యంత్రము తానుగా ఆగదు. ఒక దృశ్యము ముగియక మునుపే మరియొక దృశ్యము దానంతట అదియే మొదలగును. మనము ఎంత ఎక్కువసేపు చూచినచో అంత ఎక్కువగా ప్రకటనల ద్వారా ఆదాయము పొందు వ్యాపారసంస్థలు ఆ దృశ్యములను సమకూర్చుచున్నవి. మన దృష్టియే వారి సరకు. అందుచేత యంత్రమునకు విశ్రాంతి నిచ్చు బాధ్యత ఇపుడు పూర్తిగా మనుష్యునిపైననే పడినది.

దీనివలన నష్టమేమి యని మీరు అడుగవచ్చును. ఒక లెక్కను సగము చేసి వార్తకై లేచిన విద్యార్థి, తిరిగి వచ్చి దానిని విడిచిన చోటనే అందుకొనలేడు. మనస్సు కుదురుకొనుటకు మరల కొంతకాలము పట్టును. ఇది చిన్న నష్టము. ఇంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. ఒక మాట విన్న వెంటనే కోపించుట, కోపించిన వెంటనే బదులు వ్రాయుట, వ్రాసిన వెంటనే పంపుట నేడు అరనిమిషపు పని. పంపిన మాటను ఎందరు చూతురో, అది ఎవరి మనస్సును నొప్పించునో తెలియదు. విన్న మాటకును పలుకబోవు మాటకును నడుమ కొంత ఎడము ఉండవలెను. మంచిచెడ్డలను విచారించు వివేకము ఆ ఎడముననే పుట్టును. ఆ ఎడమును పోగొట్టుకొన్నవాడు ఎంత చదివినను ఇతరుల తొందరకు బానిసయే యగును.

గాంధీజీ వలె వారమున కొక దినమంతయు మౌనముగా నుండుడని ఎవ్వరును మిమ్ము కోరరు. కాని వారి పద్ధతినుండి మూడు విషయములను మనము గ్రహింపవచ్చును. మొదటిది: విశ్రాంతివేళను ముందుగానే నిర్ణయించుకొనవలెను. తోచినపుడు మానుదమనువాడు ఎన్నడును మానలేడు. సోమవారమని నిర్ణయించుకొన్నవాడు మానగలిగెను. రెండవది: మినహాయింపులను కూడ ముందుగానే ఏర్పరచుకొనవలెను. ఇంటిలో ఎవరికైనను జబ్బు చేసినపుడు, ఆపదలో నున్నవారు పిలిచినపుడు నియమమును సడలించుట ధర్మమే. మూడవది: ఖాళీ అయిన ఆ కాలమును మంచిపనితో నింపుకొనవలెను. ఒక పుస్తకము చదువుట, దూరముననున్న తాతగారికి ఉత్తరము వ్రాయుట, మొక్కలకు నీరు పోయుట, ఏమియు చేయక సాయంకాలపు ఆకాశమును చూచుచు ఆనాడు జరిగినదానిని తలపోసికొనుట, అన్నియు మంచివే.

దినమునకు అరగంటతో మొదలిడుడు. మొదటి దినములలో చేయి తనంతట తానే ఫోనుకొరకు వెదకును. కాలము కదలనట్లు తోచును. కొన్నాళ్లకు ఆ అరగంట చిన్నదిగా కనబడును. అపుడు మీకొక సంగతి తెలియును. ఇంతకాలము తీరిక లేదనుకొంటిమి. నిజముగా లేనిది తీరిక కాదు, దానిని కాపాడు కట్టుబాటు.

రైలు వలదని ఎవ్వరును అనరు; దిగవలసిన స్టేషను తెలిసియుండవలెను. రేడియో వలదని ఎవ్వరును అనరు. దానిని ఆపు మీట ఎచటనున్నదో తెలిసియుండవలెను. ఫీనిక్సులోని వడ్రంగులు ఆ రాత్రి లేచి చక్రమును త్రిప్పినపుడు, యంత్రము ఆగినను మనుష్యుని పని ఆగదని నిరూపించిరి. యంత్రము ఆగకున్నను మనుష్యుడు ఆగి ఆలోచింపగలడని నిరూపించుట నేటి బాలబాలికల వంతు.

ప్రశ్నలు

1. 'హింద్ స్వరాజ్' గ్రంథము ఎచట, ఎట్లు వ్రాయబడెను? అందలి ముఖ్య వాదములలో నొకదానిని తెలుపుము.
2. ఫీనిక్సులో మొదటి సంచిక వెలువడిన రాత్రి జరిగిన సంఘటనను మీ సొంత మాటలలో వ్రాయుము.
3. గాంధీజీ సోమవారపు మౌనమును ఎందులకు ప్రారంభించిరి? అందు వారు ఏర్పరచుకొన్న మినహాయింపు లేవి?
4. ఫీనిక్సులోని ఇంజనుకును నేటి ఫోనుకును గల భేదమును వివరింపుము.
5. రాట్నమును గూర్చి గాంధీజీకిని టాగోరుకును గల అభిప్రాయభేద మేమి? మీకు ఎవరి అభిప్రాయము సమంజసముగా తోచును? కారణములను తెలుపుము.
6. మీరు పాటింపదలచిన విశ్రాంతివేళను, దాని మినహాయింపులను నిర్ణయించుకొని వ్రాయుము.